వత్తి తీసేసి పంపు పెడితే: ఇంట్లో చేసే ఈ-సిగరెట్ లోపలి లెక్క

విశాఖలో ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉన్న కాలేజీ కుర్రాళ్ల మధ్య అప్పుడప్పుడూ ఒక ప్రశ్న వినిపిస్తుంటుంది. ఈ-సిగరెట్ అమ్మడం నిషేధం, కొనడానికి దొరకదు, మరి మనమే చేసుకుంటే? అందులో ఏముంది, ఒక బ్యాటరీ, వేడెక్కే తీగ, కాస్త ద్రవం. ఎలక్ట్రానిక్స్ షాపులుండే డాబాగార్డెన్స్ వైపు వెళ్లి "అన్నా, 18650 సెల్ ఉందా?" అంటే ఆ లిథియం సెల్ ఇస్తారు. నైక్రోమ్ తీగా దొరుకుతుంది. గ్లిజరిన్ పెద్దాసుపత్రి (కేజీహెచ్) పక్కనున్న కేజీహెచ్ డౌన్‌లో ఏ మందుల షాపులోనైనా ఉంటుంది. ఇంకాస్త చురుకైనవాళ్లు ద్రవాన్ని తీగకు అందించే దూది వత్తి కూడా ఎందుకంటారు. చిన్న పంపు పెట్టి ద్రవాన్ని నేరుగా తీగ మీదికి పంపితే, ఎంత కావాలో అంత కొలిచి పంపొచ్చు కదా అంటారు.

ఈ ఆలోచన వాళ్లనెందుకు లాగుతుందో నాకు అర్థమవుతుంది. ద్రవాన్ని కొలిచి పంపడం నిజంగా మంచి ఇంజనీరింగ్ సమస్య. కానీ ఇందులో అసలు చిక్కు పంపు కాదు. వత్తి చేస్తున్న పనేమిటో గమనించకుండా దాన్ని తీసేయడంలో ఉంది. అదొక్కటి అర్థమైతే, ఇంట్లో కట్టిన పరికరం ఊపిరితిత్తుల్లోకి ఏం పంపుతుందో, ఎందుకు పంపుతుందో కూడా అర్థమవుతుంది.

ఒక్క దమ్ముకు ఎంత ద్రవం?

ఈ-సిగరెట్ నుంచి వచ్చేది పొగ కాదు. అందులో ఏదీ కాలదు, కాలకూడదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు చిక్కటి ద్రవాల మిశ్రమం వేడికి ఆవిరై, చల్లగాలి తగలగానే సన్నటి తుంపరగా మారుతుంది. తెల్లగా కనిపించేది ఆ తుంపరే. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, గ్లిజరిన్ 290 దగ్గర. ఈ అంకెలు ముందుముందు పనికొస్తాయి.

ఒక దమ్ము మూడు సెకన్లు అనుకుందాం. తీగకు 10 వాట్లు ఇస్తే ఆ మూడు సెకన్లలో 30 జౌళ్ల వేడి పుడుతుంది. ఒక మిల్లీగ్రాము ద్రవాన్ని గది వేడి నుంచి ఆవిరి దాకా తీసుకెళ్లడానికి ఒక జౌలు కంటే కొంచెం ఎక్కువ కావాలి. తీగా, చుట్టూ ఉన్న లోహమూ, లోపలికొచ్చే గాలీ తమ వంతు వేడిని తీసేసుకుంటాయి కాబట్టి, చివరికి ఆవిరయ్యేది సుమారుగా 10 మిల్లీగ్రాములు అనుకోవచ్చు. అంటే మిల్లీలీటరులో వందో వంతు. డ్రాపర్ నుంచి రాలే ఒక నీటిచుక్క దాదాపు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. ఆ ఒక్క చుక్క అయిదు దమ్ములకు సరిపోతుంది.

పంపు చేయాల్సిన పని ఇప్పుడు చూడండి. చుక్కలో అయిదో వంతు ద్రవాన్ని, మూడు సెకన్లలో, తీగ వేడెక్కే వేగానికి తగ్గట్టుగా అందించాలి. ఎక్కువైతే తీగ మునిగిపోతుంది, మరిగే ద్రవంలో బుడగలు పగిలి వేడి తుంపర్లు నోట్లోకి చిమ్ముతాయి. నాలుక చురుక్కుమంటుంది, వెంటనే తెలుస్తుంది. తక్కువైతే మాత్రం పరిస్థితి వేరు. ఇలాంటి చిన్న నైక్రోమ్ కాయిల్ బరువు గ్రాములో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. ద్రవం లేక 30 జౌళ్లూ ఆ లోహానికే చేరితే దాని వేడి ఆరేడు వందల డిగ్రీలు పెరగాలి. గాలికి కొంత పోయినా సరే, తీగ ఎర్రబడుతుంది. ద్రవంతో తడిసి ఉన్నంతసేపూ ద్రవం మరిగే వేడి దగ్గరే నిలబడిన తీగ, తడి ఆరగానే ఒకటి రెండు సెకన్లలో ఆ హద్దు దాటిపోతుంది.

వత్తి చేసే పని

దీపంలో వత్తిని ఎవరూ దగ్గర కూర్చుని నడిపించరు. మంట ఎంత నూనె తాగితే అంత నూనె తనంతట తానే పైకి ఎక్కుతుంది. ఈ-సిగరెట్‌లో దూది చేసేదీ ఇదే. వేడికి దూది పోగుల సందుల్లో ద్రవం ఆవిరైపోతుంది, ఖాళీ అయిన సందులు కేశనాళికా చర్యతో వెనకనుంచి కొత్త ద్రవాన్ని లాక్కుంటాయి. వేడి ఎక్కువైతే లాగడం పెరుగుతుంది, వేడి ఆగితే లాగడం ఆగుతుంది. సెన్సర్ లేదు, ప్రోగ్రాం లేదు. వాడకమే సరఫరాను నిర్ణయిస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇది ఫీడ్‌బ్యాక్ అని వెంటనే తెలుస్తుంది. రూపాయి ఖర్చులేని ఫీడ్‌బ్యాక్.

వత్తికీ హద్దుంది. గ్లిజరిన్ చాలా చిక్కటిది. 20 డిగ్రీల దగ్గర దాని స్నిగ్ధత నీటికంటే దాదాపు 1,400 రెట్లు. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది సగం కంటే తగ్గిపోతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ దానికంటే చాలా పల్చన, అయినా నీటికి కొన్ని పదుల రెట్లు చిక్కన. అంటే బీచ్ రోడ్డులో మే నెల మధ్యాహ్నం వత్తిలో సాఫీగా పారే మిశ్రమం, డిసెంబరులో లంబసింగి వెళ్లేసరికి ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. అదే బ్యాటరీ, అదే తీగ, అదే బటన్. ద్రవం మాత్రం సమయానికి చేరదు, దూది మాడుతుంది. వాట్లు మరీ పెంచినా ఇదే జరుగుతుంది, వత్తి లాగే వేగాన్ని వేడి మించిపోతుంది.

పంపు ఆలోచన పుట్టేది ఇక్కడే. సిరంజిలో ద్రవాన్ని నెట్టే ముషలకం ఒక మిల్లీమీటరు కదిలితే, లోపలున్నది చిక్కనా పల్చనా అనే దానితో సంబంధం లేకుండా, నిర్ణీత పరిమాణంలో ద్రవం బయటికి రావాల్సిందే. చలికాలం సమస్య తీరింది, వాట్లు పెంచుకునే వీలూ దొరికింది. పంపు మద్దతుదారులు చెప్పే ఈ మాట నిజమే.

నిజానికి ఈ పరికరం చరిత్ర మొదట్లోనే ఇలాంటి ప్రయత్నం ఉంది. 1963లో అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ పొగాకు లేని, పొగ రాని సిగరెట్‌కు పేటెంటు అడిగాడు, 1965లో దక్కింది, వస్తువు మాత్రం మార్కెట్‌కు రాలేదు. ఇవాళ్టి ఈ-సిగరెట్‌కు మూలపురుషుడిగా చెప్పే చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో రూపొందించిన దాంట్లో, ద్రవాన్ని ఒత్తిడితో చిమ్మిస్తే, కరెంటుకు కంపించే పీజోఎలక్ట్రిక్ పలక దాన్ని అల్ట్రాసౌండ్ కంపనాలతో తుంపర చేసేది. ఆ తర్వాత ఫ్యాక్టరీలన్నీ వేడి తీగకూ, వత్తికీ మళ్లాయి. వత్తి చవక కావడం ఒక కారణం. అది తనను తాను సర్దుకోవడం మరో కారణం అని నేను అనుకుంటాను.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, దీన్ని చాలామంది కలిపేసుకుంటారు. పరికరం అడుగున మెత్తటి సీసా ఉండి, దాన్ని వేలితో నొక్కితే ద్రవం పైకెక్కే రకం ఒకటి విదేశాల్లో బాగా వాడుకలో ఉంది. దాన్నీ పంపు ఫీడ్ అనే అంటారు. కానీ అందులో వత్తి ఉంటుంది. సీసా వత్తిని తడుపుతుంది, మిగిలిన ద్రవం వెనక్కి జారిపోతుంది, తీగకు అందించే పని వత్తే చూసుకుంటుంది. మన కుర్రాళ్లు ఊహించేది వేరు. మోటారుతో నడిచే పంపు, సన్నటి ట్యూబు, దాని చివర నేరుగా వేడి తీగ. మధ్యలో ద్రవాన్ని కాస్త నిలవ ఉంచేది ఏదీ లేదు.

ఆ అమరికలో ట్యూబులోకి ఒక గాలిబుడగ వచ్చిందంటే చాలు, బుడగ తీగను చేరిన ఆ క్షణం ద్రవం సున్నా. మోటారు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంటుంది. సిలికోన్ ట్యూబు సాగుతుంది కాబట్టి పంపు మొదలైన వెంటనే ద్రవం బయటికి రాదు, ముందు ట్యూబు ఉబ్బుతుంది. తీగ మాత్రం అర సెకనులో వేడెక్కుతుంది. పంపు ఆగాక ఉబ్బిన ట్యూబు మళ్లీ ముడుచుకుంటూ ఇంకొంత ద్రవం కారుస్తుంది, తర్వాతి దమ్ముకు తీగ మునిగి ఉంటుంది. డయాలసిస్ యంత్రాల్లో రక్తాన్ని తిప్పే రోలర్ పంపులు కూడా ధారగా కాక తెరలు తెరలుగా పంపుతాయి. చుక్కలో అయిదో వంతు పరిమాణం దగ్గర ఆ తెరల మధ్య ఖాళీయే పెద్ద లోటు. పైగా మనిషి ప్రతిసారీ ఒకేలా పీల్చడు. గట్టిగా పీలిస్తే గాలి తీగను చల్లారుస్తుంది, మెల్లగా పీలిస్తే తీగ వేడెక్కుతుంది. వత్తి ఈ మార్పులన్నిటికీ సర్దుకునేది. పంపుకు అవేవీ తెలియవు.

తెలియజెప్పాలంటే తీగ వేడి కొలవాలి. ఫ్యాక్టరీ పరికరాల్లో కొన్ని నికెల్, టైటానియం, స్టీలు తీగలు వాడతాయి. వేడెక్కే కొద్దీ వాటి నిరోధం పెరుగుతుంది, ఆ పెరుగుదలను బట్టి చిప్ వేడిని లెక్కగట్టి కరెంటు తగ్గిస్తుంది. బజారులో సులువుగా దొరికే నైక్రోమ్‌కు ఆ గుణం దాదాపు లేదు. ఎంత వేడెక్కినా నిరోధం పెద్దగా మారకపోవడమే హీటర్లలో దాన్ని వాడటానికి కారణం. అదే గుణం వల్ల అది ఇక్కడ థర్మామీటరుగా పనికిరాదు. అంటే ఇంట్లో చేసే పంపు పరికరంలో తీగ 200 దగ్గర ఉందా 600 దగ్గర ఉందా అన్నది కంట్రోలర్‌కూ తెలియదు, పీల్చేవాడికీ తెలియదు.

విశాఖ గాలి దీనికి ఇంకో చిక్కు జోడిస్తుంది. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లో మూత సరిగా లేని సీసాలో కొన్నాళ్లుంటే అందులో నీటి శాతం పెరుగుతుంది. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి చిమ్మడం ఎక్కువవుతుంది, ఇవాళ కుదిరిన పంపు లెక్క నెల తర్వాత కుదరదు.

హద్దు దాటితే ఏమవుతుంది?

వేడి హద్దులో ఉన్నంతవరకు గ్లిజరిన్ గ్లిజరిన్‌గానే ఆవిరవుతుంది. హద్దు దాటితే అణువు విరుగుతుంది. గ్లిజరిన్ విరిగితే వచ్చే వాటిలో ముఖ్యమైనది ఆక్రోలిన్. వంటింట్లో నూనె మాడితే కళ్లు మండేది, గొంతు పట్టేసేది ఇదే. ప్రొపిలీన్ గ్లైకాల్ నుంచి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ వస్తాయి. ఫార్మాల్డిహైడ్ కాన్సర్ కారకమని అంతర్జాతీయంగా గుర్తించిన పదార్థం.

2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అమెరికా పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుల లేఖ ఒకటి వచ్చింది. ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు, 5 వోల్టుల దగ్గర కనిపించాయి. దాని మీద పెద్ద చర్చే జరిగింది. అంత వేడికి ద్రవం ఎండిపోయి రుచి భరించలేనంత ఘాటుగా ఉంటుంది, మనుషులు అలా పీల్చరు కదా అన్నది విమర్శకుల వాదన. ఆ వాదనలో బలం ఉంది. కానీ మన విషయానికి వస్తే రెండు పక్షాలూ ఒప్పుకుంటున్న భాగమే ముఖ్యం. ఎండిన తీగ ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. ఫ్యాక్టరీ పరికరంలో ఎండిపోవడం వాడకంలో తప్పిదం. గాలిబుడగ వచ్చిన ప్రతిసారీ తీగ ఎండే ఇంటి పంపులో అది పరికరం స్వభావం. పూర్తిగా ఎండితేనే ఘాటు తెలుస్తుంది, సగం ఎండినప్పుడు పుట్టే కొద్దిపాటి విషాన్ని రుచిగల ఎసెన్సు కప్పేస్తుంది.

మనం తినేదానికి కడుపూ కాలేయమూ అడ్డు నిలుస్తాయి. పీల్చేదానికి అలాంటి కాపలా లేదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి కమ్మినప్పుడు ఈ ఊరు దాన్ని కళ్లారా చూసింది. అక్కడా ట్యాంకులో వేడి ఎవరి అదుపూ లేకుండా పెరగడమే కారణం. చిన్న పరికరాన్ని అంత పెద్ద ప్రమాదంతో సమానం చేయడం లేదు. గాలిలో కలిసిన రసాయనం ఎంత త్వరగా ఒంట్లోకి వెళ్తుందో విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదని మాత్రమే అంటున్నాను.

టంకం, తీగ, సెల్

వేడి గురించి చెప్పాక లోహాల గురించి చెప్పాలి. మన షాపుల్లో మామూలుగా అమ్మే సోల్డర్ తీగలో 60 శాతం తగరం, 40 శాతం సీసం ఉంటాయి. అది 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ మరిగేది 188 దగ్గర. అంటే పరికరం అనుకున్నట్టుగా పనిచేసినా, తీగకు దగ్గరగా వేసిన టంకం కరిగే వేడిలోనే ఉంటుంది. అతుకు వదులవుతుంది, గాలి ఆ సీసాన్ని తాకుతూ లోపలికి వెళ్తుంది. ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాళ్లు ఏ అతుకునైనా సోల్డర్ చేయడానికి అలవాటుపడి ఉంటారు. ఇక్కడ ఆ అలవాటే ప్రమాదం. తగిన పద్ధతిలో తయారైన పరికరాలు కూడా ఈ విషయంలో శుభ్రంగా లేవు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వాడుకదారుల దగ్గరున్న పరికరాల నుంచి వచ్చే తుంపరను పరీక్షిస్తే సీసం, క్రోమియం, నికెల్, మాంగనీస్ కనిపించాయి. సీసాలోని ద్రవంలో కంటే వేడి తీగను తాకి వచ్చిన తుంపరలో అవి చాలా ఎక్కువ.

ఇక సెల్. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే ఈ లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులిస్తుంది. కాయిల్ నిరోధం అర ఓం అయితే ఓం నియమం ప్రకారం 8.4 ఆంపియర్లు లాగుతుంది. 0.2 ఓం అయితే 21 ఆంపియర్లు. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసిన సెల్స్ అంత కరెంటుకు చేసినవి కావు, వాటి హద్దు చాలావరకు నాలుగైదు ఆంపియర్లే. పైన రంగు తొడుగు మార్చి 9,900 మిల్లీ ఆంపియర్ అవర్స్ అని ముద్రించినవి కూడా అమ్ముతుంటారు. ఈ సైజు సెల్‌లో మంచి కంపెనీవే సుమారు 3,500 దగ్గర ఆగుతాయి. పెద్ద అంకె కనిపించిందంటే ఆ సెల్ లోపల ఏముందో నమ్మలేమని అర్థం.

కరెంటును ఆన్, ఆఫ్ చేసే మాస్‌ఫెట్ పాడైతే సాధారణంగా షార్ట్ అయిపోతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. బటన్ వదిలినా, పరికరం జేబులో పెట్టుకున్నా తీగ కాలుతూనే ఉంటుంది. బీచ్ దగ్గరి ఇళ్లలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లను తినేసే ఉప్పుగాలి, పూతలేని సర్క్యూట్ బోర్డునూ స్విచ్ కాంటాక్టులనూ అంతే త్వరగా తింటుంది. దానికి తోడు ఇందులో పంపు ఉంది, ట్యూబు ఉంది, కారడానికి సిద్ధంగా ద్రవం ఉంది.

అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 దాకా వార్తల్లో వచ్చిన ఈ-సిగరెట్ పేలుళ్లనూ మంటలనూ లెక్కేస్తే 195 తేలాయి. 133 గాయాలు, వాటిలో 38 తీవ్రమైనవి. సెల్ స్థూపాకారంలో ఉండటం వల్ల లోపలి ఒత్తిడి ఏదో ఒక చివర నుంచి దూసుకొస్తుందని ఆ నివేదిక వివరించింది. నోటికి పట్టుకునే వస్తువులో ఆ చివర ఎటు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో ఇలాంటి పేలుళ్లలో మనుషులు చనిపోయారు.

సీసాలో ఉన్నదేమిటి?

కేజీహెచ్ డౌన్‌లో కొన్న గ్లిజరిన్ పెదాలకు రాసుకోవడానికి, మందుల్లో కలపడానికి మంచిదే. పీల్చడానికి మంచిదని ఏ లేబులూ చెప్పదు. పారిశ్రామిక గ్లిజరిన్, గ్లైకాల్ డబ్బాల విషయంలో ఇంకో భయం ఉంది, డైఇథిలీన్ గ్లైకాల్ కలవడం. మూత్రపిండాలను దెబ్బతీసే ఈ విషం రూపంలో, రుచిలో గ్లిజరిన్ లాగే ఉంటుంది. 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో అది కలిసిన గ్లిజరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. 2022లో గాంబియాలో పిల్లలను బలిగొన్న దగ్గు సిరప్‌ల వెనకా ఇదే పేరు వినిపించింది. ఈ-సిగరెట్లలోనూ దొరికింది. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 18 కార్ట్రిడ్జ్‌లు పరీక్షిస్తే ఒకదాంట్లో సుమారు ఒక శాతం ఉంది. ఇంట్లో దాన్ని గుర్తించే మార్గం లేదు. దానికి గ్యాస్ క్రోమటోగ్రఫీ కావాలి.

రుచి కోసం కేకుల్లో వేసే ఎసెన్సు కలుపుతారు కొందరు. తినడానికి అనుమతి ఉందంటే పీల్చడానికీ ఉన్నట్టు కాదు. 2000లో మిస్సోరీలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో సన్నటి గాలిగొట్టాలు మచ్చకట్టి మూసుకుపోవడం బయటపడింది. కారణం వెన్న వాసన కోసం వాడిన డైఅసిటైల్ ఆవిరి. తింటే ఏమీ చేయని పదార్థమే అది.

2019లో అమెరికాలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు దీనికి మరింత దగ్గరి ఉదాహరణ. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, మరణాలు 68. ఎక్కువ మంది వాడినవి గంజాయి సారం కలిసిన, చాటుమాటుగా తయారైన ద్రవాలు. వాటిని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ముఖ్య కారణమని తేలింది. చర్మానికి రాసుకునే క్రీముల్లో ఉండే పదార్థమే. కలిపినవాడికి అది హానికరమనే అనుమానం కూడా వచ్చి ఉండదు.

నికోటిన్ కలిపితే లెక్క ఇంకా ప్రమాదకరం. యూరోపియన్ యూనియన్ 2014 ఆదేశం ప్రకారం అక్కడ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు, పిల్లలు తెరవలేని మూత ఉండాలి. అన్ని కట్టడులున్న ఆ చిన్న సీసాలోనూ 200 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది, చిన్నపిల్ల మింగితే ప్రాణం మీదికి వస్తుంది. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది. ఒకప్పుడు పొలాల్లో పురుగుమందుగా కొట్టిన నికోటిన్ సల్ఫేట్ వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. ఇంట్లో మోటారు ఇరుక్కుపోయి, ట్యూబు ఊడి, చేతి మీద కారే ద్రవంలో ఎంత నికోటిన్ ఉందో ఇంట్లో కలిపినవాడు కచ్చితంగా చెప్పలేడు. పొగాకు నానబెట్టి తీస్తే ఇంకా అయోమయం, ఆకులోని నైట్రోసమైన్లనే కాన్సర్ కారకాలూ పురుగుమందుల అవశేషాలూ కూడా అందులోకి దిగుతాయి.

చట్టంలో 'తయారీ' అంటే

"నా కోసం నేను చేసుకుంటున్నాను, అమ్మడం లేదు కదా" అనే మాట చాలామంది నమ్మకంగా చెబుతారు. చట్టం అలా చూడదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబరులో 42వ నంబరు చట్టమైన ఈ-సిగరెట్ల నిషేధ చట్టం, తయారీ అనే మాటకు విడిభాగాలను కూర్చడాన్ని కూడా చేర్చింది. పూర్తి పరికరమే కానక్కర్లేదు, అందులో ఏ భాగమైనా సరే. అమ్మే ఉద్దేశం ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు.

నికోటిన్ వేయకపోతే తప్పించుకోవచ్చా అంటే అదీ లేదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా, రుచులు ఉన్నా లేకపోయినా, ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి తుంపర తయారుచేసే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా ఈ చట్టం కిందికి వస్తుంది. ఔషధ చట్టం కింద లైసెన్సు పొందినవాటికి మాత్రం మినహాయింపు. మొదటిసారి తయారీకి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కేవలం వాడటాన్ని మాత్రం చట్టం నేరాల్లో చేర్చలేదు. అందువల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. ఎవరో ఇచ్చినదాన్ని ఒక దమ్ము లాగినవాడి కంటే, ఇంట్లో కూర్చుని తీగ చుట్టి పంపు బిగించినవాడు చట్టం ముందు పెద్ద నేరస్తుడు. కాలేజీ పిల్లలకు ఈ సంగతి తెలియాలి. ఒక కేసు పడితే పాస్‌పోర్టు, ఉద్యోగం దాకా దాని ప్రభావం వెళ్తుంది.

నిషేధం సరైనదేనా అన్న చర్చ మిగిలే ఉంది. బ్రిటన్ ఇవే పరికరాలను సిగరెట్ మానడానికి సాయంగా ప్రోత్సహించింది. నికోటిన్ గమ్, ప్యాచ్‌ల కంటే ఇవి కొంత ఎక్కువమంది చేత సిగరెట్ మాన్పిస్తున్నాయని అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2019లో పూర్తి నిషేధమే మేలంది, కొత్తగా పిల్లలు నికోటిన్‌కు అలవాటుపడతారన్నది దాని ముఖ్య ఆందోళన. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి కాన్సర్లు చూసిన ఉత్తరాంధ్రలో, పొగాకు మానడానికి ఏ దారి దొరికినా మంచిదే అనేవాళ్ల ఆవేదన నేను కొట్టిపారేయను. కానీ ఆ సమీక్షలన్నీ కొలిచిన ద్రవం, పరీక్షించిన పరికరాలతో చేసిన అధ్యయనాల మీద నిలబడ్డవి. వాటి ఫలితాన్ని ఇంట్లో టంకం వేసిన పంపుకు అన్వయించలేం. నిజంగా సిగరెట్ మానాలనుకుంటే మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఉంది. ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేస్తే కౌన్సెలర్ మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఇప్పటికే ఇలాంటిది ఒకటి కట్టి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ముందు సెల్ బయటికి తీసి, రెండు చివర్లకూ ఇన్సులేషన్ టేపు చుట్టాలి. చెత్తబుట్టలో పడేయకూడదు, ఇ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వాలి. నికోటిన్ ఉన్న సీసాను పిల్లలకు అందనివ్వకూడదు. చర్మం మీద పడితే సబ్బునీటితో వెంటనే కడగాలి, ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నాలు మాని నేరుగా కేజీహెచ్ క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. సీసా కూడా వెంట పట్టుకెళ్తే డాక్టర్లకు పని సులువవుతుంది.

పంపు మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఒక మాట. దాన్ని వదులుకోనక్కర్లేదు, వేడి తీగనూ నోటినీ పక్కన పెడితే చాలు. ఐసీయూలో రోగికి గంటకు ఇన్ని మిల్లీలీటర్లు అని మందు ఎక్కించే సిరంజి పంపు ఇదే సూత్రం మీద నడుస్తుంది, ప్రాజెక్టుగా కట్టడానికి విడిభాగాలు అవే షాపుల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరు సిరంజిలో ఆ ఒక్క మిల్లీలీటరూ ఇంచుమించు 58 మిల్లీమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది. ముషలకాన్ని నెట్టడానికి, ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు కదిలే లీడ్ స్క్రూ అనే మరను, చుట్టుకు 200 అడుగులు వేసే స్టెప్పర్ మోటారుతో తిప్పితే, అడుగుకు మిల్లీమీటరులో వందో వంతు కదులుతుంది. మిల్లీలీటరులో వందో వంతు ద్రవం రావాలంటే 58 అడుగులు. రంగు నీళ్లతో మొదలుపెట్టి, బయటికొచ్చిన దాన్ని మిల్లీగ్రాము తూకం మీద ప్రతిసారీ తూచండి. తర్వాత గ్లిజరిన్‌తో అదే చేయండి, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచి మళ్లీ చేయండి, ట్యూబులోకి కావాలని ఒక గాలిబుడగ వదిలి చూడండి. 58 అడుగులకు రావలసిన బరువు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు రాలేదు, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నది నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంటే, ఆసుపత్రి పంపుల్లో గాలిబుడగ సెన్సర్, ఒత్తిడి సెన్సర్, అలారం ఎందుకు తప్పనిసరిగా ఉంటాయో ఆ పట్టికలోనే కనిపిస్తుంది.